చెయ్యి తగలకుండా అరవై మూడు తాబేళ్ళు

మా తమ్ముడి కూతురు హవాసువా అరవై మూడు తాబేళ్ళను, ఒక్కదాని మీద కూడా మనిషి చెయ్యి పడకుండా, ఎర్రమట్టి రోడ్డు పక్కనుంచి నీడకు చేర్చింది. అది ఆమె మొదటి గెలుపు. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు.

అదేం పెద్ద పని అనుకునేవాళ్ళు ఈ దీవి దక్షిణపు కొసన మా తాండ్రువ జనం మధ్య బతికినవాళ్ళు కాదు. తాబేలును మేము తినం, ముట్టం. దారిలో ఎదురైతే పక్కకు తొలగి దానికే దారి ఇస్తాం. ఈ కట్టుబాటు తాతముత్తాతలది, దానికి కాపరిని నేను. ఎడ్లను బలిచ్చే మా వంశపు బలికొయ్య దగ్గర నిలబడి, పోయిన పెద్దలతో మాట్లాడే హక్కు ముప్పై ఒక్క ఏళ్ళుగా నాదే. బడిలో నాలుగో తరగతి దాటలేదు గానీ, ఈ ముళ్ళ అడవిలో ఏ మాట ఎవరు చెప్పారో నాకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు.

మా కట్టుబాటు వల్లే తాబేళ్ళు ఇన్నాళ్ళు మిగిలాయని పట్నంలో సభ పెట్టి చెప్పారు. నిజమే. అదే కట్టుబాటు వల్ల నలభై ఒక్కటి చచ్చిపోయాయి కూడా. సభలో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను.

తాబేళ్ళను పట్టి అమ్ముకునే దొంగలు మావాళ్ళు కారు. ఎక్కడినుంచో లారీలో వచ్చి మా అడవిని దులిపేసి పోతుంటారు. ఒకసారి ఎదురుగా పోలీసు బండి దుమ్ము కనిపించేసరికి బస్తాలు రోడ్డు పక్కన పారేసి ఉడాయించారు. పోలీసు బండి లారీ వెంటే పోయింది. ఊరంతా వెళ్ళి చుట్టూ నిలబడ్డాం. బస్తాలు కదులుతున్నాయి. ఎవరూ ముట్టొద్దని ఈటె అడ్డం పెట్టి చెప్పింది నేనే. కొమ్మలు నరికి పైన కప్పాం. పట్నానికి మనిషిని పంపాం. మూడో రోజు బండి వచ్చేసరికి బస్తాల్లో కదలిక లేదు. పెద్దల మాట నిలబెట్టామనుకున్నాం. గౌరవంగా చంపాం.

మర్నాటి నుంచి హవాసువా మేకల్ని చెల్లెలికి అప్పజెప్పి అడవిలో మిగిలిన నాలుగు తాబేళ్ళ వెనక తిరగడం మొదలుపెట్టింది. ఎండెక్కితే ఎటు పోతాయి, ఏ పండుకు తల తిప్పుతాయి, దేనికి వెనకాడతాయి, అన్నీ చూసింది. పిల్లకు పిచ్చి పట్టిందని వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి ఏడ్చింది. ఏడాదిన్నరలో ఆ నాలుగూ కూడా మాయమయ్యాయి. అడవి ఖాళీ అయింది.

అప్పుడు మళ్ళీ బస్తాలు దొరికాయి, అదే రోడ్డు మీద, వేరే అడవుల్లో పట్టిన తాబేళ్ళతో. ఈసారి హవాసువా అందరికంటే ముందు చేరింది. చంకలో జమ్ముచాప, తలమీద గంపెడు నాగజెముడు పళ్ళు.

"పెదనాన్నా, బస్తా ముట్టడం తప్పా?"

"బస్తా బస్తానే. లోపలిదాన్ని ముట్టకూడదు."

నా చేతిలోని ఈటె లాక్కుని, మొనతో బస్తా పక్క చీల్చింది. ఎదురుగా చాప పరిచి, పళ్ళు పగలగొట్టి ఎర్రగా వరసలో పెట్టింది. తాబేళ్ళు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. ఒకటి మెడ చాపింది, వెనక ఇంకొకటి.

మా బావ రెమెంజా నోరు ఊరుకోదు. "ఏమే, తాబేళ్ళకు పెళ్ళి భోజనమా? చాప వేసి మరీ వడ్డిస్తున్నావు!"

"పిలవకుండా వచ్చింది నువ్వొక్కడివే మామయ్యా. ఊరికే తిని పోతావా? ఆ కొస పట్టుకో."

బావ రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను పట్టను. చాప మీద తాబేలుంది. చాప ఎత్తితే తాబేలును ఎత్తినట్టే."

అందరూ నా వైపు తిరిగారు. ఎండ మండుతోంది. నా ఒక్క మాట మీద అరవై మూడు ప్రాణాలు ఉన్నాయి. తప్పు చెబితే పెద్దల ఉసురు, చెప్పకపోతే తాబేళ్ళ ఉసురు.

"బావా, పోయిన నెల లారీలో పట్నం వెళ్ళొచ్చావు కదా. తోలినవాడు నిన్ను ముట్టుకున్నాడా?"

"వాడెందుకు ముట్టుకుంటాడు నన్ను?"

"మరి మోశాడా లేదా?"

"మోశాడు. కిరాయి గుంజుకుని మరీ మోశాడు."

"అయితే పట్టు చాప."

జనం గొల్లున నవ్వారు. బావ గొణుక్కుంటూనే వంగాడు. మధ్యాహ్నం దాటేలోపు అరవై మూడూ చింతచెట్ల నీడకు చేరాయి.

మర్నాడు తాబేళ్ళ సంరక్షణ కేంద్రం నుంచి డాక్టరమ్మ వులులూనా వచ్చింది. కొన్నిటికి డిప్పలు పగిలాయి, ఒంట్లో నీరు లేదు, తీసుకెళ్ళి వైద్యం చెయ్యాలంది. మళ్ళీ మా అడవికి ఇస్తారా అని హవాసువా అడిగింది. కాపలా ఉండాలి, వాటి బాగోగులు తెలిసిన మనిషి ఈ ఊళ్ళోనే ఉండాలి, అప్పుడిస్తాం అంది. "ఆ మనిషిని నేను" అని ఈ పిల్ల అదే బండి ఎక్కింది.

కేంద్రంలో రోజూ తాబేళ్ళను ఎత్తాలి, తూచాలి, తిరగేసి చూడాలి. చేత్తో ముట్టిందా, తిరిగొచ్చాక బలికొయ్య దగ్గర ఆమెకు చోటు లేదు. ముట్టనంటే పని లేదు, పని లేకపోతే మా అడవికి తాబేళ్ళు లేవు.

డాక్టరమ్మ రబ్బరు తొడుగులు ఇచ్చిందట. "ఇవి వేసుకో. అప్పుడు ముట్టినట్టు కాదు."

"అక్కా, మీరు ఆ తొడుగు వేసుకుని నా చెంప మీద ఒక్కటిచ్చారనుకోండి. నేను దెబ్బ తిన్నట్టా, కాదా?"

డాక్టరమ్మ దీవి నడుమ కొండల మీది ఎత్తుసీమ మనిషి. మా మాటకారితనం ఆమెకు కొత్త. హవాసువా ఎద్దుతోలు పట్టీకి రెండు కర్రలు కట్టి, తాబేలు దానంతట అదే పట్టీ మీదికి ఎక్కేదాకా పండు చూపించి కూర్చునేది. ఎక్కాక కర్రలెత్తి తక్కెడకు తగిలించేది.

"ఒక్కొక్కదానికి ఇంతసేపా? ఇలాగైతే ఈ వారం తెమలదు."

"తెమలకపోతే పోనివ్వండి. అవేమైనా తొందరలో ఉన్నాయా అక్కా?"

అక్టోబరులో, చుక్క వాన లేని రోజుల్లో, డాక్టరమ్మ ఒకటి గమనించింది. చేత్తో ఎత్తిన తాబేలు భయపడి, ఒంట్లో దాచుకున్న నీళ్ళన్నీ అక్కడికక్కడే వదిలేస్తోంది. కరువు నెలల్లో దాన్ని నిలబెట్టేవి ఆ నీళ్ళే. తోలుపట్టీ మీదికి తనంతట తాను ఎక్కింది మాత్రం దాదాపు వదలడం లేదు. నెల రోజులు రెండు రకాలూ పోల్చి చూసి, కేంద్రమంతా పట్టీలే వాడాలని ఆర్డరు వేసింది.

ఈ కబురు ఊరికి చేరగానే బావ రెమెంజా ఈటె భుజాన వేసుకుని వీధంతా తిరిగాడు. "మొదట చాప పట్టింది ఎవరు? నేను!" అని మేకలక్కూడా చెప్పాడు.

ఆ తర్వాత హవాసువా చేసినవి చాలా ఉన్నాయి, కొన్నే రాస్తాను. పదకొండు ఊళ్ళ వాళ్ళకు పట్టీ కట్టడం నేర్పింది. మా అడవిలో బొగ్గు బట్టీలు పెట్టినవాళ్ళతో వారం రోజులు వాదించి, నోటితోనే బట్టీలు ఆర్పించింది. పంతొమ్మిది మంది కాపలాదారులను నిలబెట్టింది, అందులో ఏడుగురు ఆడవాళ్ళు. ఆ కాపలాకు ఒప్పుకుంటూ జిల్లా అధికారి కాయితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు, అది మా ఇంట్లో అద్దం వెనక ఉంది. పోయిన సంవత్సరం మా అన్న చనిపోయినప్పుడు బలి ఎద్దు ముందు ఆమె నా పక్కనే నిలబడింది. నీ చెయ్యి శుభ్రమేనా అని ఒక్కరూ అడగలేదు. అడిగే అవకాశం ఆమె ఇవ్వలేదు.

అరవై మూడింట్లో అయిదు డిప్ప దెబ్బలతో పోయాయి. యాభై ఎనిమిది బాగున్నాయి. రోడ్డు చివరిదాకా లారీలో, అక్కణ్ణించి ఎద్దుబళ్ళ మీద, చాపల్లో వస్తాయి. మొదటి చాప కొస తనదేనని బావ ఇప్పటినుంచే దెబ్బలాడుతున్నాడు. రోజు మంచిదో కాదో నేనే చూసి కబురు పంపాను. హవాసువా యాభై ఎనిమిది తాబేళ్ళతో మా ఊరు చేరేది 2026 నవంబరు పన్నెండు, గురువారం.