అవ్వ కారులో అగరు పొగ: దోహా నుంచి మెసయీద్ దాకా ఒక కాయిల్ కోసం

ఓబులేసు ఖతార్ వదిలి ఇంటికి పోతున్నాడని తెలియకపోతే నేను దోహా చూసేవాణ్ణే కాదు. దుబాయ్‌లో లిఫ్టుల మరమ్మతు పనిలో ఉన్న తొలి రోజుల్లో మేమిద్దరం మూడేళ్ళు ఒకే రూములో ఉన్నాం. అతనిది రాయచోటి వైపు పల్లె, నాది కోరుట్ల దగ్గర. తరవాత అతను ఖతార్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా చేరాడు. ఏడేళ్ళుగా రమ్మంటూనే ఉన్నాడు, నేను వాయిదా వేస్తూనే ఉన్నాను. మొన్న ఫోన్ చేసి, "అన్నా, ఆదివారం పని వదిలేసి కడాగా ఇంటికి పోతాండా. ఈసారన్నా వచ్చి మొగం చూపించి పో" అన్నాడు. గురువారం రాత్రి విమానానికి రానుపోను టికెట్ ఆరు వందల దిర్హాములకు దొరికింది, తీసేశాను.

బ్యాగు సర్దుకుంటుంటే మళ్ళీ అతనే ఫోన్ చేశాడు. "నీ పొగ డబ్బా తేవాకన్నా. ఈడ అది మాఫీ, అసలుకే కుదర్దు. ఎయిర్‌పోర్టులోనే లాక్కుంటారు." మా ఊళ్ళో వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. కానీ దుబాయ్‌లో చెల్లే వేప్, అంటే ఈ బ్యాటరీ పొగ డబ్బా, ఖతార్‌లో చెల్లదు. సిగరెట్లు మాని దాన్ని పట్టుకున్నప్పటి నుంచి నాకో పిచ్చి ఉంది. కొన్న కాయిల్ వాడను. తీగ తెచ్చి, స్క్రూడ్రైవర్‌కు చుట్టి, చిన్న చిమటాతో సర్ది, రెండు మరల కింద బిగించి, ఎర్రబడేదాకా చూసుకుంటాను. పీల్చడం కంటే చుట్టడమే ఇష్టం. మా ఆవిడ సుజాత మాత్రం వీడియో కాల్‌లో ఆ సామాను కనబడితే చాలు, మాట్లాడకుండా ఫోన్ పెట్టేస్తుంది. మొత్తం అలమరలో పెట్టి తాళం వేసి బయల్దేరాను.

దోహా ఎయిర్‌పోర్టు నుంచి ముషైరిబ్‌కు మెట్రోలో రెండు రియాళ్ళు. సూక్ వాకిఫ్‌కు నడిచిపోయేంత దూరంలో, రాత్రికి నూట యాభై రియాళ్ళకు చిన్న హోటల్ దొరికింది. పొద్దున ఎనిమిదిన్నరకు ఓబులేసు వచ్చేశాడు. పొట్ట కాస్త వచ్చింది, నవ్వు మాత్రం అదే. మలయాళీ హోటల్లో పరోటా, గుడ్డు కూర తిని, రియాలుకో కడక్ చాయ్ తాగుతుండగా జేబులోంచి కాగితం రుమాలు మడత తీసి బల్ల మీద విప్పాడు. అందులో తుప్పు రంగు తీగ ముక్కలు మూడు ఉన్నాయి. ఒళ్ళో ఉన్న సంచిలోంచి పిడికిలంత ఇత్తడి గిన్నె కూడా బయటికొచ్చింది.

"ఇది మా అవ్వదన్నా," అన్నాడు.

అవ్వ అంటే అతను పనిచేసే ఇంటి పెద్దావిడ. ఆ ఇంట్లో అందరిలాగే ఎదుట అమ్మ అనే అర్థంలో 'మామా' అంటాడు. మన భాషలో ఆ పిలుపు ఎటు పోతుందో తెలుసు గనక, నాతో మాట్లాడేటప్పుడు మాత్రం అవ్వ. ఆ గిన్నె కారులో ధూపం వేసేది. సిగరెట్ లైటర్ సాకెట్లో వైరు గుచ్చితే లోపలి కాయిల్ వేడెక్కుతుంది, పైన రేకు మీద పెట్టిన బుఖూర్, అంటే నూనెలో నానిన అగరు చెక్క ముక్క, పొగలు వదులుతుంది. చనిపోయిన భర్త తన కారు కోసం ప్రత్యేకంగా చేయించుకున్నదట. కార్లు మారినా గిన్నె మారలేదు. ప్రతి శుక్రవారం సాయంత్రం అవ్వ అల్ ఖోర్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్తుంది, దారి పొడుగునా అది వెలగాల్సిందే.

పోయిన శనివారం కారు కడుగుతుండగా ఓబులేసు చేతిలోంచి జారింది. ఇత్తడికి సొట్ట కూడా పడలేదు. లోపలి కాయిల్ మాత్రం ముక్కలైంది.

"తిట్టిందా?"

"తిట్టింటే బాగుండుగదన్నా! చూసి 'ఖలాస్' అనింది, లోపలికి పోయింది. ఆరు దినాలైంది, నాతో మాట్లాడల్యా. రెండు అంగళ్ళు తిరిగినా. కొత్తది తీసుకో అంటారు. ఈ పొద్దు సాయంత్రం నాలుగ్గంటలకు అవ్వను చెల్లెలింటికి తీసుకుపోవల్ల. అదే నా కడా డ్యూటీ. ఏడేండ్లు మాట పడకుండా చేసి, పొయ్యేటప్పుడు ఇట్ల అయిపాయనే అని..." గ్లాసు చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

నేను గిన్నె అడుగు మూతను వేళ్ళతో తిప్పి తీశాను. లోపల తెల్లని పింగాణీ దిమ్మ, దాని మీద గాడి, రెండు చివర్లా రెండు మరలు. నాకు నవ్వొచ్చింది. నా వేప్‌లో కాయిల్ కూర్చునే అటామైజర్‌ను నాలుగింతలు చేస్తే ఇదే. "తీగ ఉంటే చాలురా, అరగంట పని," అన్నాను. ఆ అరగంట ఎంత పొడుగవుతుందో అప్పటికి నాకు తెలియదు.

తీగ ఎక్కడ దొరుకుతుంది? శుక్రవారం పొద్దున ఎలక్ట్రికల్ షాపులు చాలావరకు మూసే ఉంటాయి. ఓబులేసుకు, దోహా దాటి దక్షిణాన ఉన్న మెసయీద్‌లో లింగయ్య కాక గుర్తొచ్చాడు. అక్కడి ఫ్యాక్టరీలో పనిచేస్తూ, సెలవునాడు తోటివాళ్ళ ఇస్త్రీపెట్టెలు, హీటర్లు బాగుచేసే జగిత్యాల పెద్దాయన. ఫోన్ చేస్తే, "తీగ ఉన్నట్టే ఉంది, రాండ్రి" అన్నాడట.

శుక్రవారం మెట్రో తొమ్మిదింటికి గానీ తిరగదు. ముషైరిబ్‌లో మొదటి రైళ్ళలో ఒకటి ఎక్కి, రెడ్ లైన్ చివరి స్టేషన్ అల్ వక్రాలో దిగేసరికి పది కావస్తోంది. మళ్ళీ రెండు రియాళ్ళే. అక్కడి నుంచి మెసయీద్ బస్సు కోసం అరగంట నిలబడ్డాం. ఊరు దాటాక ఎడమవైపు సముద్రం ఒకసారి కనబడి మాయమైంది. ఆ తరవాత ఇసుక, కరెంటు స్తంభాలు, దూరాన ఫ్యాక్టరీల గొట్టాలు. చలికాలం మొదలు కాబట్టి ఎండ హాయిగా ఉంది. ఓబులేసు దారంతా ఇంటికి పోయాక కొనబోయే గొర్రెల గురించి చెప్పాడు. ఎన్ని గొర్రెలన్నది మాత్రం స్టాపు స్టాపుకూ మారింది.

లింగయ్య కాక కంపెనీ క్వార్టర్స్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. తెల్లని మీసం, లుంగీ, చెవి మీద పెన్సిల్.

"ఏ ఊరు బిడ్డా?"

"కోరుట్ల దగ్గర కాకా."

"మనోనివే! ముందుగాల తిను, పని ఏడికి పోతది."

మెతుకు తిననిదే పని మొదలుకానివ్వలేదు. అన్నం, చింతపండు పులుసులో చేప, పచ్చి ఉల్లిగడ్డ. ఉడికించింది పక్క రూములోని బెంగాలీ, పోపు మాత్రం కాకదే. తిని లేచేసరికి పన్నెండు. వరండాలో అతని బల్ల మీద మీటరు, స్క్రూడ్రైవర్, పట్టకార్లు, పాత కారు బ్యాటరీ ఉన్నాయి. డబ్బాలోంచి హీటర్ తీగ తీశాడు. అర మిల్లీమీటరుకు కాస్త తక్కువ లావు, అచ్చం నేను వాడే లాంటిదే. కానీ అంతా కలిపి మూరన్నర కూడా లేదు.

"గింతే ఉందా కాకా?"

"పోయిన వారం ఇస్త్రీపెట్టెకు పోయింది. నీకెంత గావాలె?"

"నాకు జానెడు చాలు," అన్నాను ధీమాగా. వేప్ కాయిల్‌కు ఏడెనిమిది చుట్లే. ఇత్తడి గిన్నె పెద్దదే అయినా అదే లెక్క అనుకున్నాను. స్క్రూడ్రైవర్‌కు ఎనిమిది చుట్లు చుట్టి, గాడి నిండేలా సాగదీసి, తీగ కొసలను మర తిరిగే దిక్కుకే వంచి బిగించాను. అలా వంచితే మర బిగుస్తూ తీగను లోపలికి లాక్కుంటుంది, ఎదురు వంచితే బయటికి నెట్టేస్తుంది. మిగిలిన కొసలు కత్తిరించాను. పని చక్కగా కుదిరింది. ఓబులేసు మొగం వెలిగింది.

బ్యాటరీకి వైరు తగిలించాను. కాయిల్ ఒక్కసారి తెల్లగా మెరిసి, చిటుక్కుమని తెగిపోయింది.

కాక మెల్లగా, "నీ డబ్బాల బ్యాటరీ ఎన్ని వోల్టులది?" అన్నాడు.

"నాలుగు, కాకా."

"గిది?"

"పన్నెండు." నా చెవులు వేడెక్కాయి. పదేళ్ళుగా లిఫ్టుల కరెంటుతో పనిచేస్తున్నవాణ్ణి, చిన్నపిల్లలు కూడా చేయని పొరపాటు చేశాను.

కాక పకపకా నవ్వాడు. "గిది నోట్లె పెట్టుకునేది గాదు బిడ్డా, కార్ల పెట్టేది! పాత తీగ ముక్కలున్నయి గద, గవి లెక్కవెట్టిండ్రా ముందు?"

కాగితం రుమాలు మళ్ళీ విప్పాం. చుట్లు చూపుడువేలి గోటితో లెక్కపెట్టాం: తొమ్మిది, పద్నాలుగు, ఐదు. ఇరవై ఎనిమిది చుట్లు. పన్నెండు వోల్టులకు తట్టుకోవాలంటే అంత తీగ కావాలి. మిగిలిన తీగ మూరెడు. చుట్టుకు ఎంత పడుతుందో లెక్కేస్తే, సరిగ్గా సరిపోతుంది, అంతే. కొసలకు బెత్తెడు కూడా మిగలదు. ఈసారి తెగిందంటే ఇంక తీగ లేదు, నాలుగింటి డ్యూటీకి టైమూ లేదు.

"నువ్వే చుట్టు కాకా," అన్నాను.

"నా కండ్లు ఆనవు. నీ చెయ్యి మంచిగనే ఉంది, తొందరే ఎక్కువ. నేను పట్టుకుంట, నువ్వు తిప్పు."

ఆయన ఒక కొసను పట్టకారుతో బిగించి లాగి పట్టుకున్నాడు. నేను స్క్రూడ్రైవర్‌ను మెల్లగా తిప్పాను. ఓబులేసు పైకి లెక్కపెడుతున్నాడు. ఇరవై ఎనిమిది అనగానే ముగ్గురం ఊపిరి వదిలాం. చుట్లు ఒకదానికొకటి తగలకుండా సమంగా సాగదీశాను. పై రేకుకు తగిలితే కారు ఫ్యూజ్ పోతుంది గనక గాడిలోకి బాగా నొక్కాను. మీటరు మూడున్నర ఓములు చూపించింది. కాక తల ఊపాడు. బ్యాటరీకి తగిలించి లెక్కపెడితే పది దాకా ఏమీ లేదు. పదిహేను దగ్గర మధ్యలో మందారం రంగు మొదలై అటూ ఇటూ పాకింది. ఒకచోట మాత్రం ఎరుపెక్కువ. ఆపి, చల్లారాక రెండు చుట్లు సర్ది మళ్ళీ పెట్టాను. ఈసారి కొస నుంచి కొసకు ఒకే రంగు.

"ఇప్పుడైంది," అన్నాడు కాక. పైసలు ఇవ్వబోతే కోపం చేశాడు. "పోయి ఆ ముసలామెకు ఇయ్యిండ్రి, యల్లా, నడువుండ్రి!"

బస్టాపులో మాత్రం మా ధైర్యమంతా కారిపోయింది. జుమ్మా నమాజు వేళ బస్సులు పలచబడతాయని నాకు తెలియదు. ఒంటిగంట నుంచి రెండూ పది దాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాం. ఓబులేసు గొర్రెల మాట ఎత్తలేదు. బస్సొచ్చి వక్రా చేరేసరికి మూడు దాటింది. అక్కణ్ణుంచి దోహా అంచున తుమామాలో అవ్వ ఇంటికి టాక్సీ, ముప్పై రియాళ్ళు. మూడూ నలభైకి గేటు ముందు దిగాం.

కారు బయటే ఉంది. ఓబులేసు పరుగున తాళం తీసి ఇంజిన్ స్టార్ట్ చేశాడు, నేను వైరు సాకెట్లో గుచ్చాను. ముప్పై లెక్కపెట్టాం. గిన్నె చల్లగానే ఉంది.

"అన్నా!" అన్నాడు, అంతే.

అడుగు మూత విప్పాను. బస్సు కుదుపుకు ఒక మర వదులై తీగ కొస బయటికి జారింది. స్క్రూడ్రైవర్ కాక బల్ల మీదే మిగిలిపోయింది. ఓబులేసు జేబులోంచి చిన్న తాళంచెవి తీసిచ్చాడు. దాని అంచుతో కొసను మర కిందికి నెట్టి, వేలు నొప్పి పుట్టేదాకా బిగించాను. మళ్ళీ గుచ్చితే రేకు సన్నగా టిక్ టిక్ అంది. వేడి మొదలైంది.

అదే సమయానికి ఇంటి తలుపు తెరుచుకుంది. ఒళ్ళంతా కప్పే నల్లని అబాయాలో సన్నటి ముసలావిడ, చేతికర్రతో. నేను పక్కకు జరిగాను. ఓబులేసు కారు వెనక తలుపు తీసి గిన్నె చూపించి, అరబ్బీలో నన్ను చూపిస్తూ ఏదో చెప్పాడు. ఆవిడ కూర్చుని, చేతిసంచిలోంచి నల్లటి చెక్క ముక్క తీసి రేకు మీద పెట్టింది. పొగ లేచింది. తీయగా, గాఢంగా, తడి చెక్క వాసన. ఆవిడ కళ్ళు మూసుకుని రెండు చేతులతో ముఖం వైపు తెచ్చుకుంది.

తరవాత నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. పొగ మీద చొక్కా పట్టమంది. పట్టాను. అది ఇక్కడ అతిథికి చేసే మర్యాద అని ఓబులేసు తరవాత చెప్పాడు. అప్పుడు ఆవిడ ఓబులేసు వైపు తిరిగి ఒక మాట అంది. అతను పెద్దగా నవ్వాడు, వెంటనే తల పక్కకు తిప్పుకుని భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమంది?"

"గిన్నె బాగు చేసే మెకానిక్‌ను తెచ్చినావు, బాగుంది. నీ టికెట్ను చెడగొట్టే మెకానిక్ యాడన్నా దొరికితే వాణ్ణి గూడా పిల్చుకోని రా, అంటాంది."

ఆరు రోజులు ఆవిడ మౌనంగా ఉన్నది గిన్నె గురించి కాదని మా ఇద్దరికీ అప్పుడే అర్థమైంది. కారు గేటు దాటి అల్ ఖోర్ వైపు తిరిగింది. వెనక అద్దంలోంచి సన్నగా పొగ కనబడుతూనే ఉంది.

ఆ సాయంత్రం సూక్ వాకిఫ్‌లో ఒంటరిగా తిరిగాను. వెస్ట్ బే భవనాల దీపాలు నీళ్ళలో చూశాను, బాగున్నాయి. అయినా దోహా అంటే నాకు గుర్తుండేది మెసయీద్ వరండాలో మూడు తలలు ఒక తీగ మీద వంగిన ఆ పావుగంటే. సుజాతకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను, చుట్ల లెక్కతో సహా. ఏళ్ళ తరబడి నేను ఆమె కంట పడకుండా చేయాలని చూసిన పనిని మొదటిసారి గర్వంగా చెప్పుకున్నాను. ఆమె చివరిదాకా విని, "అవ్వ బాగనే అన్నది గాని, ఇంకోసారి చెప్పు, ఎట్ల నవ్విండు ఓబులేసు?" అంది. ఫోన్ పెట్టేయలేదు.

మీరు ఎప్పుడైనా శుక్రవారం మెసయీద్ వైపు వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: వక్రాలో బస్సెక్కే ముందే తిరుగు బస్సు ఎన్నింటికో చూసుకోండి, పదకొండున్నర నుంచి రెండు దాకా రోడ్డు మీద బస్సు ఉండదనే అనుకుని మీ పని లెక్క వేసుకోండి.