గడప మీది దీవెన

వేసవిలో, ఇంకా ఐరిష్ భాషే మాట్లాడే మా ఊరికి అది నేర్చుకోవడానికి డబ్లిన్ నుంచి వచ్చేవాళ్ళకు నాప్లా ఇంట్లోనే బస. ఆమె పుస్తకం తెరవదు. చిత్తడినేలలో కోసి, కట్టెలకు బదులు ఎండబెట్టుకున్న పీట్ గడ్డలు కాలే పొయ్యివైపు తిరిగి, పెనం మీద రొట్టె తిప్పుతూ, వీపుతోనే పాఠం చెబుతుంది. లోపలికి వచ్చేవాళ్ళు గడప మీదే "ఇంట్లో అందరికీ దేవుడి దీవెన" అనాలి. మరిచిపోతే, "ఏం నాయనా, ఆవుల కొట్టంలోకి వచ్చావా? పో, మళ్ళీ రా" అంటుంది. తప్పు లేకుండా అన్నా వదలదు. "చివర కాస్త సాగదియ్యి. నవ్వు ఆపుకుంటున్నట్టు అను." ఇరుగుపొరుగు వాళ్ళం వింటూనే ఉంటాం. ఆ సాగదీత ఊళ్ళో ఇంకెవరికీ లేదు. పడవేసుకుని సముద్రం మీదికి వెళ్ళి, శవమై కూడా ఒడ్డుకు రాని ఆమె మొగుడు ఫెస్టీకి తప్ప.

మొన్న సాయంత్రం ఒకటే వాన. ఈ వేసవి పాఠానికి వచ్చిన డబ్లిన్ పోస్టాఫీసు గుమాస్తా రోనన్, తెల్లారితే వెళ్ళిపోవలసినవాడు, తడిసి ముద్దయి వచ్చి గడప మీద తల వంచి ఆ మాట అన్నాడు. ఇన్నాళ్ళూ కుదరని ఆ సాగదీత ఈసారి అచ్చంగా కుదిరింది. నాప్లా చెయ్యి పెనం మీదే ఆగింది. "నీకు దేవుడూ మేరీ మాతా తోడు" అని బదులివ్వాలి. ఇవ్వలేదు.

"ఇంత ఆలస్యమా? బూట్లు విప్పి ఇలా రా, టీ చల్లారిపోతోంది," అంది, మాలో ఎవరమూ ఏళ్ళుగా వినని గొంతుతో.

"అయితే సరిగ్గా అన్నానా, అమ్మా?" రోనన్ సంబరంగా అడుగు ముందుకేశాడు.

"అక్కడే ఉండు," అంది నాప్లా, వెనక్కి తిరగకుండానే. "లోపలికి రాకు. ఇంకొక్కసారి అను."