పాలిష్ వాసనలో కనిపించే చేతులు

నిన్న అంబత్తూరులో మా మేడ మీద, నేను చేసిన చిన్న స్టూలుకు మొదటి పూత పాలిష్ వేశాను. అది ఆరేలోగా రంపపు పొట్టు ఊడ్చి, ఉలులు తుడిచి పెట్టెలో సర్దుతున్నాను. లక్క, స్పిరిట్ కలిసిన ఆ వాసనకు చూలైలోని మా పాత ఇంటి వసారా గుర్తొచ్చింది.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. పాత బనీను గుడ్డను ఉండ చుట్టి, పాలిష్‌లో ముంచి, పీట మీద గుండ్రంగా రుద్దేవారు. చెక్క మెల్లగా తేనె రంగుకు తిరిగేది. మా ఇంట్లో ఆ పని నాన్నది. అది చూస్తూనే నాకు చెక్కపని మీద ఇష్టం పుట్టింది.

కాఫీ తెచ్చిన అమ్మతో ఆ మాటే అన్నాను.

"మీ నాయనా? ఆయనకు ఆ వాసనే పడదు. కోసి, మేకులు కొట్టి ఆడ పెట్టేసి పోయేవాడు. పాలిష్ ఎల్లాం, అంతా నేనే వేసింది" అంది అమ్మ.

నాకు అయోమయంగా అనిపించింది. నా చిన్నప్పుడే పోయిన నాన్న దగ్గర నేర్చానని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్నాను. అమ్మ పక్కనే ఉండి వినేది.

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"ఆయన్ని గురించి నీకు గుర్తుండేది అదొక్కటే కదా. దాన్ని కూడా ఎందుకు తీసేసుకునేది?"

మీకెవరికైనా ఇలా జరిగిందా? కళ్లు మూసుకుంటే నాకు ఇంకా నాన్న చేతులే కనిపిస్తున్నాయి. తెరిస్తే, కొంగు దోపుకుని స్టూలుకు రెండో పూత వేస్తూ అమ్మ.