వెనక ఎవరు కూచుంటారు?

మార్కాపురంలో పలకల దుకాణం ఫణికృష్ణ అంటే ఎవరని అడుగుతారు. ఎర్రకారు ఫణి అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. నేలకు ఆనుకుని, రెండే తలుపులతో ఉండే ఆ స్పోర్ట్స్ కారును సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కొచ్చినప్పుడు ఊరంతా నవ్వింది. గిద్దలూరు రోడ్డుకి బర్రెలు అడ్డం వస్తే ఎంత స్పోర్ట్స్ కారైనా ఎడ్లబండే కదా. ఫణి ఎవరి మాటా చెవిన పెట్టలేదు. అది అతనికి పుట్టుకతో వచ్చిన రోగం.

భార్య స్వర్ణలత మొదట్లో ముందు సీట్లో, అతని పక్కనే కూచునేది. ఇంట్లో గొడవలు ముదిరాక వెనక్కి మారి, కూతురు మనోజ్ఞ పక్కన ఇరుక్కుని కూచోవడం మొదలుపెట్టింది. ఎందుకని ఫణి ఒక్కసారి కూడా అడగలేదు. అద్దంలో ఆమె ముఖం కనబడితే పాట సౌండు పెంచేవాడు. ఎండాకాలంలో ఆమె పిల్లను తీసుకుని దర్శిలో పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళింది కూడా బస్సులోనే.

ఖాళీ ఇంట్లో ఏమీ తోచక ఫణి కారుకు కొత్త టైర్లు వేయించాలనుకున్నాడు. కంభం రోడ్డులో శ్యాంసన్ టైర్ల షాపుకి రెండు రకాలు వచ్చాయి. ఒకటి కంపెనీ సైజు కంటే కాస్తే పెద్దది. రెండోది బాగా వెడల్పు. అది వేస్తే టైరు మడ్‌గార్డు అంచుదాకా వచ్చి, కారు రొమ్ము విరుచుకుని నిలబడ్డట్టుంటుంది. ఫణి కళ్ళు దానిమీదే ఉన్నాయి.

శ్యాంసన్ చేతులు దులుపుకుంటూ అడిగాడు.

"అన్నా, వెనక ఎవరన్నా కూచుంటారా? మనుషులుంటే బండి కిందికి దిగుతాది. గుంతలో పడిందంటే ఈ వెడల్పు టైరు మడ్‌గార్డుకి రాసుకుంటాది. మీరొక్కరే తిరిగేదయితే ఏం భయం లేదు. ఇంట్లోవాళ్ళు గూడా ఎక్కేదయితే చిన్నదే ఏసుకోండి."

ఫణి షాపు వెనక పాత టైర్ల గుట్ట దగ్గరికి పోయి స్వర్ణలతకు ఫోన్ చేశాడు. ఆమె వెళ్ళాక అతను చేసిన మొదటి ఫోన్ అది. ఇంటికి వచ్చేయమని అడగాలి. అంతే, ఒక్క మాట.

"స్వర్ణా, కారుకు టైర్లు మారుస్తుండా. వెడల్పువి ఏస్తే వెనక మనుషులు కూచునేదానికి లేదంట. ఏవి ఏయించమంటావు?"



"ఇన్నాళ్ళకు ఫోన్ చేసి అడిగేది ఇదా?" అంది స్వర్ణలత. గొంతులో కోపం కూడా లేదు. "నేనింకేందో అనుకున్నా. మీ ఫోనని పాప గూడా పరిగెత్తుకొచ్చింది."

"అది కాదు స్వర్ణా..."

"వెడల్పువే ఏయించుకోండి. మేం ఎక్కేది లేదు."

ఫోన్ పెట్టేసింది.  మళ్ళీ చేసి ఉండొచ్చు. చేయలేదు మహానుభావుడు. పౌరుషమో, సిగ్గో, రెండూనో. తిరిగొచ్చి, శ్యాంసన్ ముఖం చూడకుండా "వెడల్పువే ఎయ్యి" అన్నాడు.

కారు నిజంగానే అందంగా తయారైంది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకున్నారు. ఫణి ఇంటికి పోకుండా తర్లుపాడు రోడ్డు పట్టాడు. ఎప్పుడూ గుంతలు తప్పించి తోలే మనిషి, ఆ సాయంత్రం కనబడిన ప్రతి గుంతలోనూ కావాలని దించాడు. పాట ఆపేసి, అద్దంలో ఖాళీ వెనక సీటు చూస్తూ చెవులు రిక్కించి విన్నాడు.

టైరు ఎక్కడా రాసుకోలేదు.