ఆలూరు లైనులో ఆయన జాయింట్లు

మా ఆయన పోయాక పత్తికొండలో ఆయన పనిచేసిన ఇంటర్నెట్ ఆఫీసులోనే నాకు పని ఇచ్చారు. ఫిర్యాదులు రాసుకోవడం, బీరువాలో సామాను చూసుకోవడం. ఆయన చాలా ఏళ్లు ఫైబర్ కేబుళ్లు అతికారు. వెంట్రుకంత సన్నని గాజు తీగలు రెండింటిని కరిగించి ఒకటి చేయడం ఆయన పని. అలా కలిసిన చోటును జాయింటు అంటారు. కేబుల్ చుట్టను ఎప్పుడూ విసిరేవారు కాదు. కింద పడి మడత పడితే లోపల గాజు విరుగుతుందని. మాడ్యూళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. అవి వేలెడంత లోహపు ముక్కలు, గాజు తీగలోకి వెలుతురు పంపేవి. వాడనప్పుడు వాటి నోటికి రబ్బరు మూత ఉండాల్సిందే. దుమ్ము పోవాలని నోటితో ఊదేవాళ్లను ఆయన కోప్పడేవారు. ఊపిరిలోని తేమ అంటుకుంటుందని.

ఎండలు ముదిరేసరికి ఆలూరు వైపు లైను రోజూ పడిపోసాగింది. ఒక గురువారం ఓనరు నా బల్ల ముందు నిలబడి అన్నాడు:

“జాయింట్లే పోయినాయమ్మా. ఆఖర్లో ఆయప్ప చేతులు వణుకుతాండె కదా. సోమవారం అన్నీ కోసి కొత్తగా ఏపిస్తా.”

చేతులు వణికిన మాట నిజం. టీ గ్లాసు పట్టుకుంటే తొణికేది. అతికే మిషను ముందు కూడా వణికాయా అన్నది నేను చూడలేదు. ఆ జాయింట్లు ఆయన చేసిన చివరి పని. వాటిని కోసేస్తే ఆ పని చెడిందని తేల్చేసినట్టే.

ఆయనతో ఎన్నో ఏళ్లు తిరిగిన టెక్నీషియన్ పక్కనే ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. నేల చూశాడు. నా అనుమానం అక్కడ మొదలైంది.

ఆ రెండు రోజులూ అతన్ని కనిపెట్టి చూశాను. అందరూ అన్నానికి పోయినప్పుడు మాడ్యూళ్లు బిగించి ఉండే మిషన్ల గదిలోకి ఒక్కడే పోయేవాడు. తలుపుకు వీపు పెట్టి కూర్చుని మాడ్యూల్ లాగేవాడు, ఏదో జేబులో వేసుకునేవాడు. అతను లోపలికి పోయిన టైములు ఫిర్యాదుల పుస్తకం వెనక రాసుకున్నాను. మంచి మాడ్యూళ్లు మాయం చేసి, తప్పును చనిపోయిన మనిషి మీదికి తోస్తున్నాడనుకున్నాను.

శనివారం చెప్పులు విడిచి చప్పుడు లేకుండా లోపలికి పోయాను.

“ఏమప్పా, ఏం చేస్తాండావు?”

ఉలిక్కిపడ్డాడు. “ఏం లేదు వదినా, తుడుస్తాండా.”

“జేబులో ఏముండాది? తియ్.”

“పోలీసోళ్ల మాదిరి అడుగుతాండావే,” అని నవ్వబోయి మానుకున్నాడు. కొసన తెల్లని గుడ్డ చుట్టిన సన్నని పుల్లలు తీశాడు. గుడ్డకు ఎర్రని పొడి అంటి ఉంది.

ఆ ఎరుపు నాకు తెలుసు. పోయిన దసరాకు ఆయుధ పూజలో పెట్టడానికి కుంకుమ భరిణె ఇంటి నుంచి ఇచ్చి పంపింది నేను. మాడ్యూళ్లను కాపాడేవి మూతలే కాబట్టి వాటికీ బొట్టు పెట్టమన్నది నేనే. ఆయన స్పేర్ మాడ్యూళ్లన్నీ పళ్లెంలో పేర్చి ఒక్కో మూతకు పెట్టారు. ఆయన పోయాక ఆలూరు లైనుకు వేసినవి అవే. మూత లాగినప్పుడు ఎండిన కుంకుమ లోపలికి రాలి వెలుతురుకు అడ్డం పడింది.

“ఓనరు ముందర ఎందుకు చెప్పలేదు?”

“చర్చికి పోయేవాణ్ణి. మీ కుంకుమే చెడగొట్టింది అని నేనంటే ఎట్లుంటాది వదినా? అన్న ఉంటే అన్నకే చెప్తాంటి. నన్ను తిడుతాండె, ఇద్దరం నవ్వుకుంటాంటిమి.”

“ఏసేటప్పుడు లోపల చూడల్ల కదా. ఆయన నీకు నేర్పింది అదే కదా.”

చేతిలోని పుల్లలను ఒక్కొక్కటే సర్దసాగాడు. గురువారం ఓనరు ముందు మాట్లాడకపోవడానికి అతనికి ఇంకో కారణం కూడా ఉందని అప్పుడు అర్థమైంది. చూడకుండా వేసింది అతను.

“తుడవాల్సినవి ఇంకా ఎన్నుండాయి?”

“మూడు.”

“అవి నువ్వు తుడిచేస్తావు, సోమవారం ఓనరు జాయింట్లు కోయిస్తాడు, లైను బాగైతాది. అప్పుడు అందరూ ఏమనుకుంటారు?”

పుల్లలు చేత్తో పట్టుకుని లేచాడు. ఇద్దరం ఓనరు దగ్గరికి పోయాం. కుంకుమ నాది, మూతలకు పెట్టింది ఆయన, చూడకుండా వేసింది ఇతను అని చెప్పాను.

“ఏమ్మా, పోయి పోయి దేవుని మీద పెడుతాండావే!” అన్నాడు ఓనరు.

“దేవుని మీద కాదు, నా మీద,” అన్నాను.

మిగిలిన మూడూ ఓనరు ముందరే తుడిపించాను. ఆదివారమంతా లైను నిలబడింది. సోమవారం ఆలూరు రోడ్డుకు కోసేవాళ్లు ఎవరూ పోలేదు.

మిషను ముందు ఆయన చేతులు వణికాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. జాయింట్లు మాత్రం ఉన్నాయి. పుస్తకం వెనక రాసిన టైములను పెన్నుతో కొట్టేశాను. అయినా చదవవచ్చు.