చివరి మూడు కిలోమీటర్లకు దాచిన ఛార్జి

స్టెర్గియోస్‌ది శవాలను సొంతూళ్ళకు చేర్చే పని. తెస్సలోనికీ ఆసుపత్రుల నుంచి పిండోస్ కొండల మీది ఊళ్ళకు పదిహేడేళ్ళుగా బండి తోలుతున్నాడు. గోడకు తగిలించి ఛార్జి పెట్టుకునే బ్యాటరీ, దానికి తోడు పెట్రోలు ఇంజనూ ఉన్న బండిని యజమాని కొన్నప్పుడు తోటి డ్రైవర్లు నవ్వారు. స్టెర్గియోస్ దాని గుణం పట్టాడు. నగరం దాటగానే ఛార్జి దాచే మీట నొక్కి, రహదారంతా పెట్రోలు మీదే పోయేవాడు. దాచింది ఊళ్ళో ఊరేగింపుకి, బ్యాటరీ మీద బండి చప్పుడు చెయ్యదు. అతని తండ్రిని పూడ్చిననాడు డీజిలు బండి మోతలో పాదిరి పాట ఒక్క ముక్క వినపడలేదు. ఎడారి దాటే వర్తకులు ఒక నీళ్ళతిత్తి మూతి బిగించి చివరి మజిలీ దాకా విప్పేవారు కాదంటారు. వాళ్ళు దాహం తెలిసినవాళ్ళు, ఇతను మోత తెలిసినవాడు.

ఆ జనవరిలో వెనక పెట్టెలో ఉన్నది లాంబ్రోస్, కొండ ఊరి బస్సు డ్రైవరు. ముందు సీట్లో అతని భార్య ఫ్రోసో.

"మా ఆయన నలభై ఏళ్ళు ఇంజను పక్కనే కూర్చున్నాడు నాయనా. ఇంట్లో ఉప్పందించమన్నా పొలికేకే. ఈ ఒక్కపూటైనా చప్పుడు లేకుండా పోనీ."

"ఊరి మొదలు నుంచి చర్చి దాకా ఇంజను వినపడదమ్మా. మాటిస్తున్నా."

ఊరి మొదట్లో బండి తెర మీద తొమ్మిది కిలోమీటర్ల ఛార్జి చూపించింది. చర్చికి మూడే. స్టెర్గియోస్ ధీమాగా బ్యాటరీ మీదికి మారాడు. జనం వెనక నడిచారు. అయితే ఆ తొమ్మిది చదును నేల మాట. ఇక్కడంతా ఎక్కుడు. పైగా లాంబ్రోస్ బస్సు ఆగే ప్రతి స్టాపులోనూ కొవ్వొత్తులు పట్టుకుని మనుషులు నిలబడ్డారు. ప్రతిచోటా పాదిరి ఆపి ప్రార్థన చదివాడు. ఆగినంతసేపూ ఫ్రోసో మోకాళ్ళకు పెట్టిన హీటరు ఛార్జి తింటూనే ఉంది. అయిదో స్టాపు దగ్గర అంకె మూడుకి దిగింది. హీటరు కట్టేశాడు.

"చలేస్తోందా అమ్మా?"

"నా చలి సంగతి సరే. ఆ అంకె ఎందుకలా దిగిపోతోంది?"

స్టెర్గియోస్ వేగం ఇంకా తగ్గించాడు. చర్చి కింది ఆఖరి మలుపులో ఒకటి మిగిలింది. ఆ నిట్టెక్కుకి అది చాలదు, ముందుకు పోతే ఇంజను లేస్తుంది. బండి ఆపేశాడు.

లాంబ్రోస్ తమ్ముడు జీసిస్ అద్దం తట్టాడు. "ఏంటయ్యా, మొరాయించిందా? మా అన్న బస్సు ఈ మలుపులో ఒక్కనాడూ ఆగలేదు."

"లెక్క తప్పానమ్మా," అన్నాడు స్టెర్గియోస్, ఫ్రోసో వైపు తిరిగి. "ఇక్కణ్ణుంచి ఇంజను మీదే పోవాలి."

ఆమె తలుపు తీసుకుని దిగింది. "భుజాలున్నాయిగా. దించండి."

"నూటపది కిలోలు వదినా!"

"వండి పెట్టింది నేనేగా, నాకు తెలీదా? పట్టు."

ఆరుగురు ఎత్తారు. వెనక ఎడమ మూల స్టెర్గియోస్ పట్టాడు. నాలుగొందల మీటర్లలో రెండుసార్లు దించి రొప్పారు. పాదిరి పాట మాత్రం ప్రతి ముక్కా వినపడింది.

పూడ్చాక గోధుమ గుగ్గిళ్ళు పంచుతూ ఫ్రోసో అతని చేతిలో రెండు పిడికిళ్ళు పోసింది. "చప్పుడైతే కాలేదు," అంది. అంతే.

ఇప్పుడు ఎవరు పిలిచినా అతను ఎన్ని కిలోమీటర్లని అడగడు. "పోయినాయన ఊళ్ళో ఎంతమందికి కావలసినవాడు?" అంటాడు. మర్యాదకి అడుగుతున్నాడనుకుని వాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. అతను మనసులో ఛార్జి లెక్క కట్టుకుంటాడు.