కొర్రమేను కొలత

యుద్ధం రోజుల్లో, బెజవాడ నుంచి ఉయ్యూరు వెళ్లే పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో నా పక్కన కూర్చున్నాయన చేతిలోనూ గాలపు కర్ర ఉంది. ఇక కబుర్లకు కొదవేముంది! వానలు, పిల్లల చదువులు, ఎరలు. కాలవలో ఎర్రటి పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్న కొర్రమేను ముందు కప్పపిల్లను గుచ్చిన గాలం వేసి, తల్లిని ఎలా లాగానో గొప్పగా చెప్పాను.

"ఎంతుందండీ?" అన్నాడు.

రెండు చేతులూ చాపి చూపించాను.

"మరి పిల్లలేమయ్యాయండీ?"

"ఎవరు చూశారండీ!" అని నవ్వాను.

"నేను చూశానండీ. ఓసారి నేనూ అలాగే తల్లిని పట్టి, గట్టుమీదే చుట్ట ముట్టించా. అది సగం కాలకముందే మిగతా చేపలొచ్చి పిల్లలన్నిట్నీ తినేశాయి."

చాపిన చేతులు చాపినట్టే ఉండిపోయాయి.

తర్వాత కూడా చేపలు పట్టాను. ఎంతుందని ఎవరడిగినా మాత్రం చేతులు చాపలేదు.